తిరగేసి చూసిన ముప్పై అయిదేళ్లు

మా పెళ్లిరోజును ఏనాడూ తనంతట తాను గుర్తు పెట్టుకోని మా వారు, ఈ కొండ చేతివృత్తుల కేంద్రంలో మేడంగారు ఉద్యోగంలో చేరింది 1990 జూన్ 11, సోమవారం, ఉదయం పది గంటల పది నిమిషాలకని నిద్రలో లేపి అడిగినా చెప్పగలరు. ఏడాది ముందు చేరిన సీనియర్ హోదాలో, ఆ పది నిమిషాల ఆలస్యాన్ని అటెండెన్సు రిజిస్టరులో ఎర్రసిరాతో గుర్తించింది ఆయనే మరి. అంతటి జ్ఞాపకశక్తి గల నాణ్యతా విభాగాధిపతిని దాటుకుని మేడంగారి పదవీ విరమణ సందర్భపు ఈ అభినందన వ్యాసం మా వంటింటి దాకా ఎలా వచ్చిందని పాఠకులు అడగవచ్చు. "నువ్వు బి.ఏ. చదివావుగా, రాసి పెట్టు. సంతకం నేను చేస్తా" అన్నారు. రాసినవాళ్లే సంతకం చేస్తారన్నాను. బేరం కుదిరింది.

మేడంగారి తొలి కొలువు సరుకుల గదిలో. కొండ మీది నుంచి దిగివచ్చే కంబళ్లు, వెదురు బుట్టలు, చెక్క గరిటెలు ఉన్ని వాసన నిండిన ఆ చీకటి గదిలో కుప్పలుగా పడి ఉండగా, వారు ఒక్కొక్కటీ తీసి, అందరూ చూసే ముందువైపు వదిలేసి వెనక్కి తిప్పి చూసేవారట. "ముందెప్పుడూ బాగానే ఉంటుందండీ. చేసిన మనిషి తొందరపడిందీ లేనిదీ వెనకే తెలుస్తుంది" అనేవారు. వారం తిరగకుండానే 'తిరగేసే మేడం' అన్న బిరుదు ప్రాప్తించింది. నేటికీ ప్యూను మొదలు డైరెక్టరు దాకా అదే పేరు.

1996లో క్షేత్ర పర్యవేక్షకురాలైన నాటి నుంచి, జీపు ఆగిన చోట మా వారి పర్యటన ముగిసేది, మేడంగారి పర్యటన మొదలయ్యేది. ఏ వస్తువు ఎవరు చేశారో, ఆ పని ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఏ కర్ర దేనికి పనికొస్తుందో పదకొండు నోటుపుస్తకాల్లో బొమ్మలతో సహా లిఖించారు. చూపు మందగించి ఒక చెక్కడపు పెద్దాయన ఉలి పక్కన పెడితే, ఆయన కూతురు ఆ పుస్తకాల్లోని బొమ్మలు చూసుకునే తండ్రి పని అందుకుంది.

ఒకసారి మా ఇంటికి భోజనానికి వచ్చారు. కాలేజీ రోజుల్లో నేను కుట్టిన దిండు గలేబు, వచ్చినవాళ్లందరి మెప్పూ పొందినది, సోఫాలో ఠీవిగా కూర్చుని ఉంది. మేడంగారు దాన్ని మెల్లగా తిరగేశారు. ముడులు, దారపు తోకలు, దాటేసిన కుట్లు.

"ముందు మీరు కుట్టారు సరే, వెనక ఎవరి చేత కుట్టించారండీ?" అన్నారు.

మా వారికి కోపం వచ్చింది. నాకు స్నేహితురాలు దొరికింది.

ఇక అందరికీ తెలిసీ ఎవరూ రాయని సంగతి. కొండ మీది ఊళ్లో ఒక నేత అవ్వ ఉంది. ఆమె కంబళికి ఒక అంచు పలచన, రెండో అంచు నాలుగు వేళ్ల వెడల్పున దళసరి. రెండు అంచులూ సమానంగా లేని కంబళి రెండో రకమని 2003లో మా వారు నిబంధన రాశారు. ఆ ముద్ర వేయనని మేడంగారు నిలబడ్డారు.

"మగ్గం వంకరా, మనిషి వంకరా?" అని మా వారు.

"వీపున మోసే బుట్ట తాడు ఒరుసుకునే భుజం మీదికి వస్తుందండీ ఆ అంచు. మామూలు కంబళి ముందు చిరిగేది అక్కడే. ఒక్కసారి పైకి వచ్చి చూడండి."

"నా మోకాళ్లు రావు."

"మోకాళ్లు రాకపోతే పోనీ, మీరు రండి."

దీనికి జవాబుగా మెమో వెళ్లింది. మేడంగారు రెండేళ్లు మళ్లీ సరుకుల గదిలో గడిపి, పల్లెత్తు మాట అనకుండా, ఆ గదికి కిటికీ పెట్టించి మరీ బయటికొచ్చారు. ముద్ర మాత్రం వేరే చేతులతో పడుతూనే ఉంది.

పోయిన నెల, జ్ఞాపికగా ఏం కావాలని సిబ్బంది అడిగితే, "నాకేమీ వద్దు, ఆ నిబంధన కొట్టేయండి" అన్నారు. అవ్వకు చేతులు వణుకుతున్నాయి. మగ్గం మీద ఇప్పుడు కోడలు కూర్చుంది. "అత్త పట్టుదలకి నేనెందుకు రెండో రకం అనిపించుకోవాలి? ఈసారి నుంచి రెండంచులూ ఒకటే నేస్తా" అంటోందట. ఆమె మానేస్తే ఆ అంచు నేయడం తెలిసినవాళ్లు ఇంకెవరూ లేరు. ఫైలు మూడు వారాలుగా మా వారి బల్ల మీద ఉంది.

సాక్ష్యం మా ఇంట్లోనే ఉంది. నిబంధన వచ్చిన ఏడాదే ఒక మొదటి రకం కంబళి, అవ్వ నేసిన ఒక రెండో రకం కంబళి మా ఇంటికి చేరాయి. మొదటి రకం ఎనిమిదేళ్లకు అంచులు పీలికలై మసిగుడ్డగా మారింది. రెండో రకం ఇరవై రెండేళ్లుగా చెక్కుచెదరలేదు. చలి మొదలైతే మా వారు కళ్లు తెరవకుండానే ఆ దళసరి అంచును తడిమి పట్టుకుని గడ్డం కిందికి లాక్కుంటారు. నిబంధన కర్తకు ఈ విషయం తెలియదు.

జీపు ఆగినా ఆగని ఆ పాదాలు, ఎదుటివారి వెనక వైపును కూడా ఆదరంగా చూడగల ఆ కళ్లు, ఇంకో నలభై ఏళ్లు మేడంగారి మాట వింటూ, వారిని ఆరోగ్యంగా, ఆనందంగా ఏ కొండకు కావాలంటే ఆ కొండకు చేర్చాలని కోరుకుంటున్నాను.

ఇక్కడితో ముగించి, తేదీలు సరిచూడమని మా వారి చేతికిచ్చాను. చదివారు. లేచి వెళ్లి బీరువాలోంచి కంబళి తెచ్చి, ఉద్యోగ జీవితంలో మొదటిసారిగా ఒక వస్తువును తిరగేశారు. వెనకా అంతే శుభ్రంగా ఉంది. దాన్ని మడిచి భుజాన వేసుకుని, దాని మీద కూరల సంచీ తగిలించుకుని హాల్లో అటూ ఇటూ నాలుగుసార్లు నడిచారు. తర్వాత మేడంగారికి ఫోను చేశారు.

"మేడం, రేపు పొద్దున్నే ఫైలు మీద సంతకం పెడుతున్నాను. అవ్వ కోడలికి కబురు చేయండి, అంచు మార్చొద్దని."

"సంతోషమండీ. సంతకం ముందువైపు. మరి వెనక?"

మా వారు నా వైపు చూశారు. నేను కూరల సంచీ వైపు చూశాను.

"మీరు రమ్మన్నప్పుడే పైకి రావాల్సింది," అన్నారు. "తప్పు నాదేనండీ."