టేపు చివర మడత

(ఇంజక్షన్ మందు సీసాల్లో నింపబోయే కొత్త గది. ఇంకా వట్టి కాంక్రీటు నేల. నేల వేయాల్సిన మేస్త్రీ అన్నయ్య, తనిఖీకి వచ్చిన చెల్లెలు.)

“మళ్ళీ చెప్తున్నా చెల్లీ, ఎపాక్సీ పూత వేసేద్దాం. అతుకుండదు, దుమ్ము నిలవదు, అద్దంలా ఉంటుంది.”

“నేల ఆరితే కదా అన్నయ్యా?”

“ఆరింది. నువ్వే చూడు, తడి తెలియడానికి నిన్న నువ్వు టేపుతో అతికించిన ప్లాస్టిక్ కాగితం కింద చుక్క చెమ్మ లేదు.”

“అదే ఆశ్చర్యంగా ఉంది. నిన్న చెయ్యి పెడితే చల్లగా తగిలింది. ఒక్క రోజులో ఎలా ఆరింది?”

“ఫ్యాన్లు పెట్టించాంలే.”

“ఎన్ని?”

“పెట్టించామన్నాగా! సంతకం పెట్టు, పనిలోకి దిగుతా.”

“తడి మీద పూత వేస్తే ఏమవుతుందో నీకు నేను చెప్పాలా? రెండు నెలల్లో బుడగలు లేస్తాయి. పగుళ్ళలో క్రిములు చేరతాయి. ఇక్కడ నింపే మందు పసిపిల్లలకి ఎక్కించేది!”

“తెలుసు.”

“తెలిసే అంటున్నావా? ముందు తడిని ఆపే పొర వేద్దాం. దాని మీద వినైల్ షీట్లు పరిచి, అతుకులు కరిగించి మూసేద్దాం.”

“దానికి మూడు వారాలు. రేపటికల్లా పూత పడకపోతే పని ఇంకొకరికిస్తానన్నాడు మేనేజరు. నన్ను నమ్ముకుని పదిమంది ఉన్నారమ్మా.”

“ఆ సంగతి తర్వాత. ఈ టేపు ఎవరు పీకారు?”

“ఎవరూ పీకలేదు.”

“అన్నయ్యా.”

“పీకలేదన్నానా!”

“అరవకు. నేను అతికించినప్పుడు నాలుగు మూలలా టేపు చివర మడత పెట్టాను. తీసేటప్పుడు గోటికి దొరకాలని నాన్న నేర్పిన అలవాటు. ఇప్పుడు ఒక్క మడతా లేదు. ఎవరో పీకి, కింద నీళ్ళు తుడిచి, మళ్ళీ అంటించారు. నువ్వేనా?”

“నేనే.”

“ఛీ! నాన్న దగ్గర పని నేర్చుకుని నువ్వు చేసే పనేనా ఇది? అన్నయ్యవని చెప్పుకోవడానికే సిగ్గేస్తోంది నాకు. తడి ఉందని రాసేస్తున్నా.”

“రాయి. తిట్టేదేదో ఇంకా గట్టిగా తిట్టు, బయటికి వినపడాలి. గాజు తలుపు వైపు మాత్రం చూడకు.”

“ఎందుకు?”

“మెల్లగా. మేనేజరు అక్కడే ఉన్నాడు. పొద్దున పక్కన నిలబడి మరీ తుడిపించాడు.”

“మరి నాకో మాట చెప్పొచ్చుగా!”

“చెప్పానుగా. నాన్న నేర్పింది నీ ఒక్కదానికేనా? మడత పెట్టకుండా టేపు అంటించడం నా జన్మలో ఇదే మొదటిసారి.”