ఖాళీ రైఫిల్

రాజమండ్రి శివార్లలోని రైఫిల్ క్లబ్బులో, రేపటి స్టేట్ సెలెక్షన్స్ కోసం రైఫిల్ బోల్టు విప్పి చూసిన కోచ్ ఏసురాజుకు ఒళ్ళు మండిపోయింది. ఎదురుగా డిగ్రీ చదివే కూతురు మెర్సీ నిలబడి ఉంది.

“ఏంటిది?”

“తూటాని కొట్టే ఫైరింగ్ పిన్ను, డాడీ.”

“పిన్నంట! కొస విరిగిపోతే ఇంకా పిన్నేంటి? ఖాళీ రైఫిల్ ట్రిగ్గర్ నొక్కావా?”

“ప్రాక్టీసు కోసం...”

“లోపల తూటా లేకుండా?”

“తూటా లేకపోతే సేఫే కదా?”

“సేఫా! ఏ మహానుభావుడు చెప్పాడమ్మా?”

“వీడియోలో చూశాను. అందరూ అలాగే ఖాళీగా నొక్కుతూ చెయ్యి కుదుర్చుకుంటున్నారు.”

“వాళ్ళవి ఏ రైఫిళ్ళు?”

“ఏమో. రైఫిళ్ళే.”

“రైఫిళ్ళేనంట! ఇది పాయింట్ టూ టూ బోర్. దీని తూటాకి పేలే మందు ఎక్కడుంటుంది?”

“అంచులో.”

“పిన్ను ఎక్కడ కొడుతుంది?”

“ఆ అంచు మీదే.”

“తూటానే లేకపోతే?”

“గొట్టం అంచుని కొడుతుంది.”

“ఉక్కుని ఉక్కు కొడితే ఏమవుద్ది? గొట్టానికి నొక్కు పడుద్ది, పిన్ను పోద్ది. కొత్త మోడళ్ళు కొన్ని తట్టుకుంటాయి. ఇది వయసులో నీకంటే పెద్దది! డమ్మీ తూటా పెట్టుకోమని ఎన్నిసార్లు మొత్తుకున్నాను?”

“చాలాసార్లు.”

“చాలాసార్లంట! నీ చేతికి అమిరే రైఫిల్ క్లబ్బులో ఇంకోటుందా?”

“లేదు.”

“కొత్త పిన్ను రేపటికి దొరకదు. మరి దేంతో కొడతావు? చీపురుకట్టతోనా? కోచ్ కూతురంట! కిందటేడు ఏలూరు పోటీల్లో ఓడిపోయి అందరి ముందూ నా పరువు తీశావు. వచ్చేటప్పుడు కొవ్వూరు బ్రిడ్జి మీద దింపేసి పోదామనిపించింది.”

“దింపేశారు డాడీ.”

“ఆఁ?”

“దింపేసి వెళ్ళిపోయారు. లారీలు పోతుంటే రెయిలింగు పట్టుకుని నిలబడ్డాను.”

“ఏదో కోపంలో... మళ్ళీ వచ్చాను కదా?”

“వచ్చారు. చీకటి పడ్డాక.”

“అదిప్పుడెందుకు? మాట మార్చకు. నిన్నగాక మొన్న చేరిన ఫిన్నీని అడిగినా చెప్తాడు, ఇది ఖాళీగా నొక్కకూడదని. నీకు తెలీదా?”

“తెలుసు.”

“తెలిసి? మర్చిపోయావా?”

“మర్చిపోలేదు డాడీ. విరిగేదాకా నొక్కాను.”