తలుపు మడత

మేస్త్రీని సాగనంపి వచ్చి ఆయన ఇంటి వరండాలో కూర్చున్నాం, ప్రెస్సు వాళ్లమంతా. కరపత్రాలైనా, కవర్లలో పెట్టి పంపే కార్డులైనా, మా దగ్గర అచ్చయిన ప్రతి కాయితాన్నీ చేత్తో మడిచింది ఆయనే. ఇప్పుడు ఆయన సంతాప కార్డునే నేను మెషిన్ మీద తీసి తెచ్చాను. అడ్డంగా పొడుగాటి కార్డు, నడిమధ్యన ఆయన ఫొటో. రెండు పక్కల రెక్కలూ తలుపుల్లా వచ్చి ఆ ఫొటో మీద మూసుకోవాలి. దాన్ని మేం తలుపు మడత అంటాం. రేపు పొద్దున్నే పోస్టులో వెయ్యాల్సిన కార్డులు మడిచే దిక్కు లేక బల్ల మీద అలాగే ఉన్నాయి.

ఓనరు గారు గొంతు సవరించుకున్నారు. "అడగడానికి ఇది సమయం కాదు, తెలుసు. కానీ మేస్త్రీ కుర్చీలో ఇక ఎవరు కూర్చుంటారు? ఎవరూ లేరంటే మడతల మెషిన్ కొనెయ్యాలి."

గుమ్మం పక్కన కూర్చున్న మేస్త్రీ భార్య తలెత్తింది. ఆవిణ్ణి మేమందరం అక్కా అంటాం. మేస్త్రీ ఇంటికి తెచ్చుకున్న పనంతా ఆయన పక్కన కూర్చుని ఆవిడా మడిచేది. ఆ కుర్చీ పోతే ఆ ఇంటికి వేరే ఆధారం లేదు. ఆవిడ నోరు తెరిచేలోపే ఆవిడ తమ్ముడు అందుకున్నాడు. మేస్త్రీకి బావమరిది కాబట్టి ప్రెస్సు మొత్తానికీ అతను బావమరిదే. పార్సెళ్లు కట్టడం అతని పని, కోతలు కొయ్యడం అతని గుణం.

"నేను బతికుండగా మెషిన్ ఎందుకండీ?" అంటూ కట్టలోంచి ఒక కార్డు తీశాడు. అంచుకి అంచు కలిపి సగానికి మడిచి, గోటితో గీత లాగి, మళ్లీ విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. మొహంలో నవ్వన్నది లేదు. కోర్టులో సాక్ష్యం చెప్పేవాడిలా నిదానంగా మొదలుపెట్టాడు.

"మా బావకి ఒకసారి జ్వరమొచ్చింది. చెప్పుల షాపు వాళ్ల కరపత్రాలు, మూడు మడతలవి, సాయంత్రానికల్లా ఇచ్చెయ్యాలి. నేను కూర్చున్నా. గొప్ప చెప్పుకోకూడదు గానీ, లైట్లు వేసే వేళకి పని అయిపోయింది. కావాలంటే బైండర్ని అడగండి."

"కూర్చున్న మాట నిజమే," అన్నాడు బైండరు.

"విన్నారుగా! మూడు మడతల్లో లోపలికి పోయే రెక్క వెంట్రుకవాసి పొట్టిగా ఉండాలి, లేకపోతే లోపల ముడుచుకుంటుంది, అది మీకందరికీ తెలిసిందే. నేను తగ్గించింది వెంట్రుకవాసి కాదు, వెంట్రుక నీడంత. ఆ అంచు ఎంత తిన్నగా వచ్చిందంటే, పక్కన స్టీలు స్కేలు పెట్టి చూస్తే స్కేలే వంకర తేలింది. ఆ స్కేలు తర్వాత పారేశాం, గుర్తుందాండీ?"

"అది విరిగితే పారేశామయ్యా," అన్నారు ఓనరు గారు.

"సిగ్గుతో విరిగిందండీ. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ నోటా ఈ నోటా పడి నా పేరు టూరిస్టు బస్సుల వాళ్ల దాకా పోయింది. వాళ్లకి విసనకర్ర మడత కావాలి, అదే, ఒకటి ఇటు, ఒకటి అటు వేసుకుంటూ పోతామే, అది. ఊళ్లూ కోటలూ జలపాతాలూ అన్నీ అందులో ఉండాలి, చొక్కా జేబులో పట్టాలి అన్నారు. పట్టించా. ఒకాయన బస్సెక్కి విప్పాడు. విప్పుతున్నాడు, విప్పుతున్నాడు, ఒళ్లో పట్టలేదు, పక్కాయన ఒళ్లోకి పోయింది, కిటికీలోంచి బయటికి పోయింది, వెనకొచ్చే బస్సులోకి దూరింది. ముందు బస్సువాళ్లు కోటల గురించీ, వెనక బస్సువాళ్లు జలపాతాల గురించీ చదువుకుంటూ కూర్చున్నారు. చదవడం అయ్యేదాకా రెండు బస్సులూ కదల్లేదు."

"మరి మళ్లీ ఎలా మూశారు?" అన్నాను నేను, ఉండబట్టలేక.

"నాకు కబురొచ్చింది," అన్నాడు బరువుగా. "వెళ్లా. మూశా. ఇక తలుపు మడత గురించైతే నన్ను అడగొద్దు."

"ఎవరూ అడగలేదు," అన్నాడు బైండరు.

"అడగలేదు కాబట్టే చెబుతున్నా. బట్టల షాపు ప్రారంభం కార్డులు మడిచా. రెండు రెక్కలూ ఎంత బాగా కుదిరాయంటే, కార్డు అందుకున్నవాళ్లు తెరవడానికి ముందు వేలితో తట్టారు. ఒక ముసలావిడ 'ఎవరండీ లోపల?' అని అడిగి, జవాబు వచ్చేదాకా బయటే నిలబడింది. ఇంకొకాయన, తాళంచెవి లేకుండా కార్డిచ్చి పోతావేంటయ్యా అని పోస్టుమాన్‌తో గొడవకి దిగాడు."

"మాటలు కోటలు దాటుతున్నాయి," అన్నాడు బైండరు, టీ గ్లాసు కింద పెడుతూ.

"కోటలేం ఖర్మ, ఊళ్లే దాటాయి! మ్యాపు మడత సంగతి మర్చిపోయారా? నిలువునా అడ్డంగా మడుచుకుంటూ ఒక్కో గీతా నొక్కుతున్నా. నా నొక్కుడు మామూలు నొక్కుడు కాదుగా. రెండు ఊళ్ల మధ్యన ఉన్న నేలంతా మడతలోకి పోయింది. ఈ ఊరి సందు చివర అడుగేస్తే ఆ ఊరి బజారు. అత్తగారు కోపమొచ్చి పుట్టింటికి పోతానని గుమ్మం దిగితే అదే పుట్టిల్లు. నదేమో మడత లోపల ఇరుక్కుపోయింది, పడవవాడు పొడినేల మీద తెడ్డు పట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు మా బావ వచ్చి, 'ఒరేయ్, జనం దారి తప్పుతారు, విప్పరా' అన్నాడు. బావ మాట కాదంటానా? విప్పా. మడతలో ఎవరి కాలన్నా ఇరుక్కుంటుందేమోనని మెల్లగా విప్పా."

మాట్లాడుతూనే ఒక్కో రెక్కా తెచ్చి నడిమి గీతకి ఆనించాడు. ఆనించి, అరచేత్తో నిమిరాడు. గొంతు మారింది.

"ఆ మ్యాపు ఇంకా నా దగ్గరే ఉంది. మొన్న బావకి గుండెల్లో నొప్పి వచ్చినప్పుడు బయటికి తీశా. ఆస్పత్రిని తెచ్చి ఇదిగో, ఈ గుమ్మానికే ఆనించా. తెల్లటి గోడ, చక్రాల మంచం, పట్టుకోడానికి మనుషులు, అన్నీ ఈ గడప అవతలే. ఒక్క అడుగండీ. బావే..." ఆగిపోయాడు. "బావే ఆ అడుగు వెయ్యలేదు."

ఆ పూట ఆస్పత్రికి తీసుకెళ్లే వాన్ వెనక మేస్త్రీ తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది అతనే. దారిలో రద్దీకి వాన్ కదల్లేదు. అది మాకందరికీ తెలుసు. నాకు కళ్లు మండాయి.

అతను కార్డు తీసుకెళ్లి ఓనరు గారి చేతిలో పెట్టాడు. రెండు తలుపులూ నడుమకి వచ్చి కలిశాయి. ఎక్కడా సందు లేదు, ఒకదాని మీదికి ఒకటి ఎక్కనూ లేదు. ఓనరు గారు వెలుతురులో పెట్టి చూశారు.

"కోతల మాటెలా ఉన్నా చెయ్యి కుదిరిందయ్యా," అన్నారు. "సరే, రేపట్నించి ఆ కుర్చీలో..."

"ఒక్కసారి ఇలా ఇవ్వండి," అంది అక్క.

గుమ్మం దగ్గర్నించి లేచి వచ్చింది. కార్డు తీసుకుని, ఎడమ తలుపు తెరిచింది, కుడి తలుపు తెరిచింది. తెరిచి, తమ్ముడి వైపు తిప్పి పట్టుకుంది.

మేస్త్రీ మొహం నుదుటి నుంచి గడ్డం దాకా రెండుగా చీలి ఉంది. ముక్కు మీదుగా తెల్లటి గీత. సిరా లేచిపోయి కింద కాయితం కనబడుతోంది. రెక్కలు ఎక్కడ కలవాలో తెలుసుకోడానికి మొదట్లో అతను సగానికి మడిచి గోటితో లాగాడే, ఆ గీత. మా అందరి కళ్ల ముందే లాగాడు. ఒక్కరమూ చూడలేదు.

"నడుమ కంటితో చూసుకోవాలి గానీ మడిచి చూడకూడదని మీ బావ మొదటిరోజే చెప్పాడు కదరా," అంది అక్క. గొంతు పెంచలేదు. "బస్సులు కలిపావు, ఊళ్లు కలిపావు. ఈ తలుపులూ బాగానే మూశావు. లోపలి మనిషినే రెండు ముక్కలు చేశావు."

బావమరిది కార్డు లాక్కుని మోకాలి మీద పరిచాడు. బొటనవేలితో ఆ గీతని రుద్దాడు. మళ్లీ రుద్దాడు. కాయితం మీద పడ్డ మడత పోతుందా? పోదని అతనికీ తెలుసు. తెలిసీ రుద్దుతూనే ఉన్నాడు. చివరికి కార్డు ఛాతీకి ఆనించుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వాన్‌లో ఏడవలేదు, సాగనంపేటప్పుడూ ఏడవలేదు.

అక్క బల్ల ముందు కూర్చుంది. కొత్త కార్డు తీసుకుని ఫొటో వైపు కాసేపు చూసింది. గీత లాగలేదు, స్కేలు పెట్టలేదు. ఒక రెక్క వేసింది, రెండోది వేసింది. ఓనరు గారు తెరిచి చూసి, మళ్లీ జాగ్రత్తగా మూశారు.

"కుర్చీ ఇక్కడికి పంపించమంటావా అమ్మా?" అన్నారు.

"వద్దండీ. అక్కడికే వస్తాను."

ఇంకో కార్డు అందుకుంటూ అక్క తమ్ముణ్ణి పిలిచింది. "ఏడ్చింది చాలు గానీ ఇలా రా. నేను మడుస్తుంటాను, నువ్వు కవర్లలో పెట్టి కట్టలు కట్టు. నువ్వు వేసిన ముడి ఇంతవరకూ ఊడలేదని మీ బావే అనేవాడు."

అతను గీత పడ్డ కార్డుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మొహం తుడుచుకుని, దారం ఉండ తీసుకుని అక్క పక్కన చతికిలబడ్డాడు. మొదటి కట్టకి ముడి వేసి, లాగి చూశాడు. గట్టిగానే ఉంది.

"ఊడకపోవడం ఒక లెక్కా అక్కా," అన్నాడు ఇంకా బొంగురుపోయిన గొంతుతోనే. "ఒకసారి నేను కట్టిన పార్సెల్ రైల్లోంచి పడిపోతే, దారం లాగేసరికి రైలే వెనక్కి..."

"ముందు రెండో ముడి వెయ్యి," అంది అక్క.