నోటిపూత

“నోటిపూత ఎవరికన్నారు?”

మందుల షాపు కౌంటరుకు అటువైపు ఫార్మసిస్టు, ఇటువైపు ఒక కోడలు. ఈ పరాయి ఊళ్ళో తెలుగు మాట వినపడేసరికి కోడలికి ప్రాణం లేచొచ్చింది.

“మా అత్తయ్యకండీ. నోరంతా పూసింది, మంచినీళ్ళు కూడా దిగట్లేదు. ఏదైనా పూతమందు ఇచ్చేస్తే వెళ్ళిపోతాను.”

“ఇస్తాను. ఆవిడ వేరే మందులేమైనా వాడుతున్నారా?”

“ఆ... మామూలువే. కీళ్ళవాతానికి.”

“పేరు?”

“ఈ భాషలో పేర్లేం తెలుస్తాయండీ. డబ్బా తెచ్చాను, ఇదిగో.”

“ఇది ఎలా వేస్తున్నారు?”

“రోజూ పొద్దున్నే, ఏదో ఒకటి తినిపించి.”

“రోజూనా?”

“రోజూనే. ఒక్కనాడు తప్పలేదు. నేనే దగ్గరుండి మింగిస్తాను.”

“రోజూ అని ఎవరు చెప్పారమ్మా?”

“మా ఆయన. పొద్దున అని దానిమీదే ఉందటగా. ఆయనకి ఇక్కడి భాష బాగానే వచ్చు. బస్సులో పోట్లాట కూడా పెట్టుకోగలరు.”

“ఇది పొద్దున కాదు. సోమవారం.”

“సోమవారం...”

“ఈ భాష రాతలో ఆ రెంటికీ రెండక్షరాలే తేడా. వారానికి ఒక్కటే వెయ్యాలి. పన్నెండు మాత్రలు, మూడు నెలలకి. ఎప్పుడు మొదలుపెట్టారు?”

“మొన్న... మొన్న కాదు. తొమ్మిది రోజులైంది.”

“జ్వరం ఉందా? ఒంటిమీద ఎక్కడైనా కమిలిందా?”

“చేతులు కమిలాయి. ఎక్కడో తగిలించుకున్నారనుకున్నాం. ఏమవుతుందండీ?”

“ఇది ఉత్త నొప్పి మాత్ర కాదమ్మా. ఎక్కువైతే ఒంట్లో రక్తం ఊరనివ్వదు. అంబులెన్సు పిలుస్తున్నా, అడ్రసు ఈ చీటీ మీద రాయండి. ఆవిడ దగ్గర ఎవరున్నారు?”

“ఎవరూ లేరు. పడుకున్నారని తాళం వేసొచ్చాను. పూతమందేగా, చిటికెలో వచ్చేద్దామని...”

“అయితే మీరు ముందు ఇంటికెళ్ళి తలుపు తియ్యండి. ఈ డబ్బా ఆసుపత్రిలో చూపించాలి. ఆగండి, ఇది ఖాళీగా ఉందే.”

“అయిపోయాయండీ.”

“తొమ్మిది రోజులకి తొమ్మిది. మిగతా మూడూ?”

“నేను వెళ్ళాలండీ.”

“చెప్పి వెళ్ళమ్మా. రెండేసి వేశారా?”

“లేదు లేదు. ఆవిడకి ఒక్కటే.”

“మరి?”

“నాకు నడుం నొప్పిగా ఉంటే ఆవిడే ఇచ్చారు. మూడో నెలలో అలాగే ఉంటుందట కదండీ.”