నాసరమ్మ చూడని ఆఖరి రీలు

నాసరమ్మ మిరపకాయల మూటలో చెయ్యి పెట్టిందంటే ఇంక ఆ మూట సంగతి తేలిపోయినట్టే అనుకో. పైన పెట్టదు, అడుగున పెట్టదు, సరిగ్గా నడుములో పెట్టేది. మోచేతి దాకా దింపి గుప్పెడు కాయలు బయటికి లాగి అరచేతిలో పరిచి చూసేదంట. ఇదిగో, ఈ రంగుపోయి తెల్లబారిన తాలుకాయ ఉంది చూడు, ఇట్టాంటియ్యి గుప్పెట్లో ఎన్నున్నయ్యో చూసి మూట మొత్తానికీ తీర్పు చెప్పేది. అదేందమ్మా, నడుములోనే ఎందుకు అంటే, పైనంతా ఎర్రకాయ పోస్తారే పిల్లా, కొనేవాడి కళ్ళు చెదరాలని, అడుగున కూడా నాలుగు మంచికాయలు పరుస్తారు, బోర్లించి చూస్తాడేమోనని, నిజం ఎప్పుడూ నడుములోనే దాక్కొనుంటది అనేదంట. మా అమ్మ ఆమె పక్కనే కూర్చుని ఏరేది ఈ కల్లంలోనే, నాకు ఇదంతా మా అమ్మ చెప్పిందే. ఏమ్మే సామ్రాజ్యం, నోరు తెరుచుకొని నన్ను చూడమాక, చేతులు ఆడించు. చెవులకి కథ, చేతులకి కాయలు.

ఆ కాలంలో మన ఊరి బయట, వాగుకి పొయ్యే దారిలో, సిలారు సాయిబు డేరా టాకీసు ఉండేదంట. చుట్టూ తడికెలు, పైన మాసిన గుడ్డ, గాలొస్తే తెర మీద హీరోకి పొట్ట ఉబ్బేది. మిషను ఒక్కటే, అందుకని రీలు అయిపోయినప్పుడల్లా లైటేసి ఇంకో రీలు ఎక్కించేవాళ్ళు. నేల టిక్కెట్టోళ్ళకి వాగులోంచి తోలిన ఇసక. నాసరమ్మ ఆ ఇసకలో కూర్చుని, పొద్దుటినించీ కాయలేరి మంటలెక్కిన చేతుల్ని మణికట్ల దాకా ఇసకలోకి దూర్చి సినిమా చూసేదంట. పైన ఇసక వేడిగా ఉన్నా అడుగున చల్లగా ఉంటది కదా. ఇంటికాడుంటే పొయ్యి, కల్లంలో ఉంటే కాయ, ఆ మనిషి చేతులు ఊరికే ఉండేది ఆ డేరాలోనే అని మా అమ్మ చెప్పేది. ఆ డేరా అంటే ఆమెకి అంత ఇష్టం.

మరి ఏమైందంటే, ఊళ్ళో ఒక ఆనవాయితీ పడిపోయింది. శుక్రవారం కొత్త బొమ్మ పడితే ముందు నాసరమ్మ పోవాలి. శనివారం పొద్దున కల్లంలో ఆమె చెప్పేది వినాలి, అప్పుడు మిగతా ఆడవాళ్ళు పోవాలా వద్దా అని చూసుకోవాలి. వాళ్ళకి వారానికి ఒక్క పూట తీరేది, ఆ ఒక్క పూటా తాలు సినిమాకి పోయి ఎవరన్నా పాడుచేసుకుంటారా. ఆడవాళ్ళు పోనిది మొగోళ్ళు కూడా పొయ్యేవాళ్ళు కాదనుకో, పోతే ఇంటికాడ ఎవరు పడతారు. కత్తియుద్ధాలు, గుర్రాలు, కొండలెక్కటాలు, దూకటాలు ఉన్న బొమ్మలంటే నాసరమ్మకి ప్రాణం. ప్రాణం కాబట్టే వాటి దగ్గర మరీ కఠినంగా ఉండేదంట. ఇక చూసే పద్ధతి కూడా మూట పద్ధతే. మొదట్లో పోదు. పేర్లు పడేటప్పుడు బాజాలు మోగిస్తారు, హీరో దిగంగానే ఈలలేయిస్తారు, అదంతా పైన పోసిన కాయ. ఆఖర్న చూడదు. అందరూ కొట్టుకొని మళ్ళీ వరసగా నిలబడి నవ్వుతారు, అది అడుగున పరిచిన కాయ. ఆరో రీలుకి పోయి, పదో రీలుకి లేచి, చీర దులుపుకొని ఇంటికొచ్చి పొయ్యి వెలిగించేది. పొద్దున చెప్పేది, గుప్పెట్లో రెండే తాలమ్మా, పోండి అని. సగం తాలు, పాటలకి పోతే పోండి అని. నిండా తాలు అందా, ఇంక ఆ బొమ్మ పని అయిపోయినట్టే. పదేళ్ళలో ఒక్క తీర్పు మార్చలేదంట.

ఆమెకి ఒక మొగుడున్నాడు, ఆదెయ్య అని. మూటలు మోసేవాడు. మనిషి గుంజంత ఉండేవాడు, మాట మాత్రం అడిగితే తప్ప వచ్చేది కాదు. పెళ్ళైన కొత్తల్లో నాసరమ్మ పాడిగేదెని కొనుక్కురమ్మని సంతకి పంపితే, వట్టిపోయిన ముసలి గేదెని తోలుకొచ్చాడంట. ఎందుకు తెచ్చావయ్యా దీన్ని అంటే, కటికోడు పట్టుకుపోతా ఉంటే అది నా వంక చూసింది నాసరా అన్నాడంట. అంతే, ఆ రోజునించీ ఆయన పేరు ఇంట్లో తాలుకాయ. కల్లంలో కూడా ఆమె అదే పేరుతో చెప్పేది, మా తాలుకాయ ఇంకా లేవలా, మా తాలుకాయ ఇవ్వాళ చెప్పులు పోగొట్టుకొచ్చింది అని. ఆడవాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు. ఆయన వింటే ఆయన కూడా నవ్వేవాడు. ఆయన నవ్వాడు కాబట్టి బాధ లేదేమో అని అందరూ అనుకున్నారు.

సరే, ఒక శుక్రవారం కొత్త బొమ్మ పడింది. కొండలవతల ఒక గుహలో నాగమణి ఉంటే దాన్ని తేవటానికి పోయిన వీరుడి కథ. నాసరమ్మ ఆరో రీలుకి పోయి కూర్చుంది. కోట మీద వీరుడు చెయ్యి ఆనిస్తే కోట ఊగిందంట. గుర్రం మీద పోతన్నాడు, చెట్లన్నీ వెనక్కి పరిగెత్తతన్నయ్యి, గుర్రం మాత్రం ఉన్నచోటే ఊగతా ఉంది. పులొచ్చింది, దాని కడుపు కింద కుట్లు కనపడతన్నయ్యి. పాతకాలం రాజుల కథ అన్నారు కదా, వీరుడు కత్తి దూస్తే చేతికి గడియారం. ముప్పైమందిని కొట్టినా తలపాగా చెదరదు. ఆ ముప్పైమందిలో ఒక లావాటోడు, దొంగల నాయకుడి బంటు. వచ్చిన ప్రతివాడూ వాణ్ణే కొట్టేది. గోలెంలో పడేశారు, పేడలో పడేశారు, వాడు లేచి తుడుచుకొని మళ్ళీ వచ్చేవాడు. ఒక్క మాట కూడా మాట్లాడడు. జనం వాణ్ణి చూసి నవ్వారు, నాసరమ్మకి నవ్వు కూడా రాలేదు. పదో రీలుకి లేచిపోయింది. పొద్దున కల్లంలో, నిండా తాలమ్మా, దులిపినా ఏం రాలదు అని చెప్పేసింది.

ఇంకేముంది, ఆదివారానికి డేరా ఖాళీ. సోమవారం మైకులో పాటలేస్తే వినటానికి కుక్కలు తప్ప లేవు. అప్పటికే ఆ ఏడు వరసగా మూడు బొమ్మలు తాలుపోయినయ్యి అనుకో, సిలారు సాయిబు బాగా నలిగి ఉన్నాడు. మంగళవారం కల్లానికొచ్చి ఎండలో నిలబడ్డాడంట. పెద్దమనిషి, అందరికీ అన్న వరస. చెల్లెమ్మా, బాగుందని అబద్ధం చెప్పమని అడగటానికి రాలేదు, ఒక్కసారి ఆఖరిదాకా కూర్చుని చూడు, చూసి కూడా ఇదే మాటంటే నేను నిన్నేమీ అనను, ఎట్టాగూ గురువారం ఆటతో డేరా విప్పేస్తన్నా అన్నాడు. విప్పేసి యాడికి పోతావన్నా అంటే, యాడికీ లేదమ్మా, మిషను అమ్మేసి మా అల్లుడి దుకాణంలో కూర్చుంటా అన్నాడంట. నాసరమ్మ ఏరటం ఆపేసింది. కానీ పదేళ్ళ తీర్పు కదా, ముప్పైమంది ఆడవాళ్ళు చూస్తా ఉన్నారు కదా. నా చెయ్యి అబద్ధం చెప్పదు సిలారన్నా, ప్రతి మూటా కుమ్మరించి చూడాలంటే ఇంక నేనెందుకు అంది. ఆయన తల ఊపి పోయాడు. ఆ పూటంతా ఆమె తాలు గంపలో మంచికాయలు కూడా వెయ్యటం మా అమ్మ చూసింది.

ఆ రాత్రి ఆదెయ్య ఆలస్యంగా ఇంటికొచ్చాడు. కళ్ళు చూస్తే ఎర్రగా చింతనిప్పులే. తాగొచ్చావా అని ఈమె లేచింది. తాగలేదు, సినిమాకి పొయ్యా అన్నాడు. నేను నిండా తాలని చెప్పిన సినిమాకి ఎవరన్నా పోతారా, అందులోనూ నా మొగుడు పోతాడా అని ఈమె. నిన్న కూడా పొయ్యా అన్నాడంట. అని కంచం ముందు కూర్చుని అన్నం కెలకతా ఉన్నాడు గానీ తినట్లా. ఏముందయ్యా అందులో అని అడిగితే, ఆ లావాటోడు ఉన్నాడు కదా, వాడి కోసం ఆఖరిదాకా ఉండు అన్నాడు. ఆ మనిషి పెళ్ళానికి ఇది చెయ్యి అని చెప్పటం అదే మొదలంట.

ఏందే సామ్రాజ్యం, ఇప్పుడు లేస్తన్నావ్? మంచినీళ్ళు యాడికీ పోవు, కూర్చో.

బుధవారం నాసరమ్మ తల మీద ముసుగేసుకొని, మొదటాట మొదలయ్యాక, వెనకమాల కూర్చుంది. సిలారు సాయిబు చూశాడు, చూడనట్టే పక్కకి తిరిగాడు. డేరాలో పదిమంది కూడా లేరు. పదో రీలు దాటింది. పదకొండు, పన్నెండు, తాలే. పదమూడులో పాట, అదీ తాలే. నేనేం తప్పు చెప్పానని లేవబోయింది కూడా అంట, కానీ మొగుడి మాట గుర్తొచ్చి ఇసకలోకి చేతులు దూర్చుకొని కూర్చుంది. ఆఖరి రీలు ఎక్కించారు. లోయ మీద తాళ్ళ వంతెన, దాని మీద గూడెం జనం ప్రాణాలరచేతిలో పెట్టుకొని పారిపోతన్నారు. దొంగల నాయకుడు తాడు నరికేశాడు. వంతెన ఒక పక్కకి ఒరిగింది. వీరుడేమో అవతల కొండ మీద నాయకుడితో కత్తి తిప్పతా ఉన్నాడు, ఇటు చూడట్లా. అప్పుడు ఆ లావాటోడు, ఇన్నాళ్ళూ తన్నులు తిన్నవాడు, తెగిన తాడు పట్టుకొని భుజం మీదుగా వేసుకొని, కాళ్ళు భూమిలో దిగేసి నిలబడ్డాడంట. జనం ఒక్కొక్కళ్ళే దాటతన్నారు, ఒక్కడు కూడా వాడి మొహం చూడట్లా. వాణ్ణి పేడలో పడేసినోళ్ళు కూడా దాటారు. ఆఖర్న ఒక ముసలమ్మ సగం దూరం వచ్చి, నా మేక అని వెనక్కి తిరిగింది. డేరాలో జనం తిట్టారంట ఆమెని. వాడు మాత్రం ఆ సినిమా మొత్తానికీ ఒకే ఒక్క మాటన్నాడు.

"తెచ్చుకోమ్మా, నేను పట్టుకొనున్నాలే."

ముసలమ్మ మేకని చంకలో పెట్టుకొని దాటింది. ఆమె కాలు గట్టు మీద పడ్డాక వాడి చేతులు జారినయ్యి. వీరుడు పరిగెత్తుకొచ్చి లోయలోకి చూసి, ఎవరతను, పేరేంటి అని అడిగాడు. ఎవరికీ తెలీదు. వాడి నాయకుడికి కూడా తెలీదంట. అంతే, వెంటనే బాజాలు, పెళ్ళి, రాజకుమారి మెడలో నాగమణి. మళ్ళీ తాలు.

నాసరమ్మకి కళ్ళమ్మట నీళ్ళు కారిపోతన్నయ్యి. మిరప చేతులు కళ్ళల్లో పెట్టుకోగూడదని మన పిల్లలకి కూడా తెలుసు కదా. అంతకాలం ఏరిన మనిషి మర్చిపోయింది, రెండు చేతులతో కళ్ళు తుడుచుకుంది. ఇంక చూస్కో, మంటకి కళ్ళు తెరవలేకపోయింది. తడుముకుంటా డేరా బయటికొస్తే ఎవరో చెయ్యి పట్టుకున్నారు. ఆదెయ్య. ఆట మొదలైన కాడినించీ తడికె బయటే నిలబడున్నాడంట. బోరింగు దగ్గరికి తీసుకుపోయి, కండవా తడిపి కళ్ళు తుడిచాడు. నవ్వలేదు, నేను చెప్పలా అనలేదు. దారిలో సగం దూరం వచ్చాక అడిగాడు.

"మేక దాటిందా?"

"దాటింది" అంది నాసరమ్మ. ఆయనకి తెలీదా, రెండుసార్లు చూశాడు. అయినా అడిగాడు, ఈమె చెప్పింది. ఇంటిదాకా ఆ చెయ్యి వదలలేదంట.

పొద్దున కల్లానికొచ్చేసరికి కళ్ళు వాచి బూరెల్లా ఉన్నయ్యి. ఏందక్కా ఆ కళ్ళు అని అందరూ మూగారు. కాయమంట అంటే సరిపొయ్యేది, ఎవరూ ఇంకో మాట అడిగేవాళ్ళు కాదు. ఆమె గంప పక్కన పెట్టి లేచి నిలబడిందంట. మా అమ్మకి ఆ మాటలు పొల్లుపోకుండా గుర్తు.

"నేను తప్పు చెప్పానమ్మా. నడుములో చెయ్యి పెట్టి చూసి నిండా తాలన్నా. కోట తాలే, గుర్రం తాలే, పులి తాలే, ఆ మాట వెనక్కి తీసుకోను. కానీ అడుగున ఒక్క కాయుంది. ఆ ఒక్కదాని కోసం మూటంతా కుమ్మరించుకోవచ్చు. ఇవ్వాళే ఆఖరాట, పోండి."

అప్పుడు మా అమ్మ ఊరుకోకుండా, మరి మీ తాలుకాయ సంగతేందక్కా అంది. ఆడవాళ్ళు నవ్వబోయి ఆమె మొహం చూసి ఆగారంట. నాసరమ్మ కూర్చుని గంప ఒళ్ళోకి లాక్కొని, ఆయన పేరు ఆదెయ్య, ఆ మూట ఇప్పుడే విప్పటం మొదలుపెట్టా, అడుగుదాకా చూసి చెప్తాలే అంది.

గురువారం జనం డేరాలో పట్టలేదనుకో. తడికెలు విప్పి బయట కూడా కూర్చోపెట్టారు. సిలారు సాయిబు మర్నాడు విప్పాల్సిన డేరా వానలు పడిందాకా విప్పలేదు, ఆ పై ఏడు మళ్ళీ వచ్చి అక్కడే వేశాడు. మా అమ్మ ఆ బొమ్మ చూసొచ్చి ఏడ్చి, ముక్కు చీది, అక్కా, పక్కనే అంత లావు చెట్టుంది కదా, ఆ తాడు చెట్టుకి కట్టొచ్చుగా ఆ పిచ్చోడు అని అడిగిందంట. నాసరమ్మ ఆలోచించి, అది కూడా తాలేనే, ఏరి పక్కన పడెయ్యి అందంట.

నేను చెప్పిన దాంట్లో కూడా ఉంటది కాస్త తాలు, మా అమ్మ పోసిందో నేను పోశానో, ఏరుకోండి. సామ్రాజ్యం, మంచినీళ్ళకి పోతానన్నావుగా, ఇప్పుడు పో. అయ్యో, చేత్తో తుడుచుకోమాకే పిల్లా, కొంగుతో తుడుచుకో.