కాలవలోకి తోసిన సైకిలు

(భీమవరం దగ్గర ఒక ఊరు. ఆదివారం మధ్యాహ్నం. భద్రిరాజు, భార్య నాగవల్లి, పదో తరగతి చదివే కొడుకు సూర్యతేజ భోజనాల దగ్గర ఉన్నారు.)

“నిన్నటి చేపల పులుసు వేడి చేస్తారా ఎవరైనా? చల్లగా ఉంటేనే కదా దాని రుచి!”

“చెయ్యకపోతే నీసు వాసనంటారు. చేస్తే రుచి పోయిందంటారు. ఆ చేప బతికున్నన్నాళ్లూ ఇన్ని మాటలు పడి ఉండదు.”

“మా అమ్మ ఏనాడూ వేడి చెయ్యలేదు నాగవల్లీ.”

“అత్తయ్యగారు మీరు చూడకుండా చేసేవారు. నాకు నేర్పిందే ఆవిడ.”

“సర్లే... ఇంకో ముక్క వెయ్యి.”

“వేస్తాను గానీ, రేపు పొద్దున్న మనం స్కూలుకి వెళ్లాలి. చెరువు దగ్గర పనుందని ఇప్పుడే మొదలెట్టకండి.”

“పనుంది మరి. రొయ్యల మేత లారీ వస్తుంది.”

“చెరువు కాపలాకి లోవరాజున్నాడుగా, దింపించుకుంటాడు.”

“అసలు నేనెందుకే? వీడి క్లాసు యుగంధర్ సైకిలు కాలవలోకి తోసింది నేనా? వీడు. వీడికి రెండు తగిలించి వదిలెయ్యమని ఆ రోజే చెప్పాను దేవకుమారి మేడంకి. హెడ్‌మిస్ట్రెస్ అన్నాక బెత్తం ఉండదా?”

“ఉందండి నాన్నగారూ. దాంతో మ్యాపులు చూపిస్తారు.”

“నువ్వు తిను! ఆ పిల్లాడికి కొత్త సైకిలు కొనిస్తానన్నాను. గేర్లది! అదీ వద్దందావిడ.”

“వద్దనలేదండీ. పాడైంది సైకిలొక్కటే కాదు అన్నారు. తప్పు చేసినవాడూ, నష్టపోయినవాడూ ఎదురెదురుగా కూర్చోవాలి. ఏం జరిగింది, ఎందుకు చేశావు, ఎవరికి కష్టం కలిగింది, ఎలా సరిచేస్తావు... అంతే అడుగుతారు.”

“దానికన్నా పోలీసు స్టేషను నయం. కొట్టి వదిలేస్తారు.”

“నేనూ అదే అన్నానండి. కొట్టెయ్యండి మేడం అన్నాను. ‘అంత తేలిగ్గా వదలను’ అన్నారు.”

“చూశావా! అయినా సరిచేస్తున్నావుగా? రోజూ వాణ్ణి నీ సైకిలు మీద తీసుకెళ్తున్నావుగా?”

“తీసుకెళ్తున్నానండి. బరువండి బాబూ వాడు! వంతెన ఎక్కేటప్పుడు దిగరా అంటే దిగడు. ‘కాలవలోకి తోసేటప్పుడు ఉన్న బలం ఇప్పుడేమైందిరా, తొక్కు’ అంటాడు.”

“నవ్వుతూనా? కోపంగానా?”

“మొదట్లో కోపంగానే. ఇప్పుడు నవ్వుతున్నాడు.”

“ఇంకేంటి మరి? అయిపోయిందిగా. మళ్లీ రేపెందుకు?”

“అవలేదండీ. ‘ఎందుకు చేశావు’ అంటే వీడు నోరు విప్పడు. యుగంధర్ రోజూ అడుగుతున్నాడట, ‘నేనేం చేశాన్రా నీకు’ అని. రేపు కూడా చెప్పకపోతే స్కూలు కమిటీవాళ్లు టీసీ చేతిలో పెట్టేస్తారు. మేడం ఒక్కరే ఆపుతున్నారు.”

“టీసీయా! పరీక్షల ముందా? ఈ ముక్క ముందే చెప్పవేం?”

“చెప్పినప్పుడల్లా మీరు ఫోన్లో రొయ్యల రేటు కనుక్కుంటున్నారు.”

“ఏరా, చెప్పెయ్. ఆటలో గొడవా?”

“కాదండి.”

“మార్కులా?”

“వాడికి నాకన్నా తక్కువేనండి.”

“మరి?”

“పెరుగు వెయ్యమ్మా.”

“పులుసన్నమే అవలేదు కదరా.”

“అయినా వెయ్యి.”

“సూర్యా, ఇటు చూడు. పెరుగెక్కడికీ పోదు. ఎందుకు తోశావు?”

“చెప్తే బాగోదమ్మా. అందరి ముందూ.”

“ఇక్కడ అందరూ లేరు. మేమిద్దరమే.”

“అదే... ఇక్కడింకా బాగోదు.”

“ఏంట్రా ఈ నసుగుడు! ఏదైనా సరే, చెప్పెయ్. నేనేమీ అనను.”

“నిజంగానాండి?”

“ఒట్టు. అన్నం ముందు కూర్చుని అబద్ధమాడతానా?”

“వాళ్ల నాన్న మండలాఫీసులో అర్జీ పెట్టారు కదండి... మన రొయ్యల చెరువు ఉప్పునీళ్లు ఇంకి, పక్కనున్న వాళ్ల చేను ఉప్పెక్కిందని.”

“బుల్లబ్బాయా? వాడి ఊసిప్పుడెందుకు?”

“ఆ సాయంత్రం మీరు అరుగు మీద అన్నారండి. ‘ఆ కొడుకు సైకిలేసుకునే కదా వీడు ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడు, దాన్ని కాలవలోకి తోసేసేవాడు మనింట్లో ఒక్కడూ లేడా’ అని.”

“అన్నానా?”

“అన్నారండీ. నేను కాఫీ తెచ్చేసరికి అంటున్నారు.”

“ఊరికే అంటాను కదే! నిన్న కరెంటాఫీసువాణ్ణి స్తంభానికి కట్టెయ్యాలన్నాను. కట్టానా?”

“ఊరికే అన్నారని మీకు తెలుసు. వీడికెలా తెలుస్తుంది?”

“ఒక్కడూ లేడా అన్నప్పుడు నావైపు చూశారండి.”

“మజ్జిగ పొయ్యనాండీ?”

“ఆగు. ఏరా... ఇదంతా రేపక్కడ చెప్తావా?”

“చెప్పనండి. మిమ్మల్ని ఏదోలా అనుకుంటారు. టీసీ ఇస్తే ఇవ్వనీండి, నరసాపురంలో ఎక్కడైనా చేరతాను.”

“ఇప్పుడెవరు చేర్చుకుంటార్రా నిన్ను! నాగవల్లీ, లారీ సంగతి లోవరాజునే చూసుకోమను. రేపు ముగ్గురం వెళ్తున్నాం. ఆ ఎందుకన్నదానికి నేను చెప్తాను జవాబు.”

“మీరు చెప్తే ఒప్పుకోరండి. ఎవరు చేసింది వాళ్లే చెప్పాలట.”

“నేను చేసిందే చెప్తానురా. బుల్లబ్బాయిగారిని కూడా రమ్మనమని చెప్పు మీ మేడంకి.”