చిల్లులు లేని ట్రంపెట్

హెడ్విగ్ గారూ, పీర్నా ఊరి చర్చి గాయక బృందం మిత్రులారా, ఈ మంచులో కాళ్లీడ్చుకుంటూ వచ్చిన పెద్దలారా! వోల్కర్ జైడెల్ గారు పోయిన గురువారం మనల్ని విడిచి వెళ్లిపోయారు. ముప్పై ఒక్క ఏళ్లు ఆయన పక్కన నిలబడి రెండో ట్రంపెట్ ఊదినవాణ్ని నేను. నా పేరు ఎకార్ట్. ఈ చర్చిలో ఆయన పక్కన లేకుండా నిలబడటం నాకిదే మొదలు.

నాది మీటలున్న ఇప్పటి ట్రంపెట్. ఆయనది మూడు వందల ఏళ్ల కిందటి తీరులో చేసిన పొడవాటి ఇత్తడి గొట్టం. "ఒరేయ్ ఎకార్ట్, నీ దానికి మీటలు మూడు, నీకు బుర్ర సున్నా" అనేవారు. నేను నవ్వేవాణ్ని. ఏం చేస్తాం, ఆయన ఊదితే ఆ కాలపు బరోక్ సంగీతానికి ప్రాణం వచ్చేది!

ఆ వసంతకాలపు కచేరీ గుర్తుందా మీకు? తెర వెనక నిలబడి ఒకే పాటను మూడు ట్రంపెట్ల మీద ఊదారు. ఏది పాతకాలపుదో చెప్పమన్నారు. అందరం రెండోదానికి చేతులెత్తాం. నేనూ ఎత్తాను. ఆయన తెర తీసి బయటికి వచ్చారు. "ఇది నేను రోజూ ఊదేదే. దీనికి చిల్లులున్నాయి. స్వరం తప్పకుండా మన కాలంవాళ్లు పొడిచిన చిల్లులు. పదకొండేళ్లు దీన్నే పాతదని చెప్పి మీ చేత చప్పట్లు కొట్టించుకున్నాను" అన్నారు. ఎవరడిగారు ఆయన్ని? ఎవరూ అడగలేదు! ఆ తర్వాత రెండేళ్లు బయటి ఊళ్ల నుంచి పిలుపులు రాలేదు. ఆయన మాత్రం చిల్లులు లేని అసలైనది పట్టుకుని మళ్లీ మొదటి పాఠం నుంచి సాధన చేశారు.

ఆ గొట్టంలో ఒక స్వరం పుట్టుకతోనే వంకర. మూయడానికి చిల్లు లేదు, నొక్కడానికి మీట లేదు. పెదవితోనే వంచి దారికి తేవాలి. మొన్నటి క్రిస్మస్ కచేరీ నాటికే ఆయన ఊపిరితిత్తులు సగం చెడిపోయాయి. అయినా చిల్లులు లేనిదే తెచ్చారు. "ఈ ఒక్కసారి నిజంగా ఊదుతాను" అన్నారు.

మిత్రులారా, ఇప్పుడు చెప్పేది ఆయన ఇల్లాలు హెడ్విగ్ గారికి కూడా తెలియదు. ఆ స్వరం దగ్గర ఆయన ఊపిరి అందక ఆగారు. ఒక్క క్షణం. నన్నెవరూ అడగలేదు. నేనే మీట నొక్కి ఆ స్వరం ఊదేశాను. శుభ్రంగా, గట్టిగా. మీరంతా చప్పట్లు కొట్టారు. ఆయన వాద్యాన్ని సంచిలో పెట్టుకుంటూ, "స్వరం పగిలితే పగిలేది. అది నాది కదరా" అన్నారు.

ఆ తర్వాత ఆస్పత్రికి నాలుగుసార్లు వెళ్లాను. మంచు గురించి మాట్లాడాను, రొట్టెల కొట్టు గురించి మాట్లాడాను. క్షమించమని మాత్రం అడగలేకపోయాను. నాకు సిగ్గేసింది. ఈ రోజుకీ సిగ్గుగానే ఉంది.

ఈ సభలో ఆయన కోసం ఏదైనా ఊదమని నన్ను అడిగారు. ట్రంపెట్ తేలేదు. ఆయన ఊపిరి ఆగిన చోట నా చప్పుడు ఒకసారి పెట్టాను. ఇంకోసారి పెట్టను.

దయచేసి అందరూ లేచి నిలబడండి. రెండు నిమిషాలు. దగ్గు వస్తే దగ్గండి, ఏడుపొస్తే ఏడవండి. ఈ ఖాళీని మాత్రం ఎవరూ నింపకండి. ఇది ఆయనది.